ఇంట్లో మనిషిని మానసిక చికిత్సా కేంద్రంలో చేర్చాల్సి వస్తే ఏం చేయాలి, ఎట్లా చేయాలి

మా తమ్ముణ్ణి రెండుసార్లు వైద్యం కోసం ఇల్లు దాటించి ఉంచాం. మొదటిసారి అబద్ధం చెప్పి తీసుకుపోయాం. రెండోసారి నిజం చెప్పి తీసుకుపోయాం. మాది అనంతపురం పక్క పల్లె. ఆ రెండుసార్ల మధ్య మేం తెలుసుకున్నదంతా అనంతపురం, కర్నూలు, కడప వైపు ఇట్లాంటి అవసరం వచ్చిన ఇళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. పెద్దవాళ్లకైనా, ఇంటర్ చదివే పిల్లలకైనా చేయాల్సిన పనుల వరుస దాదాపు ఒకటే. పిల్లల విషయంలో ఉన్న తేడాలు విడిగా చెబుతాను.

ముందే ఒక మాట. మనిషిని చేర్చేది మళ్లీ ఇంటికి తెచ్చుకోవడానికి. వదిలించుకోవడానికి కాదు. ఈ ఒక్కటి గుర్తుంటే ఏ చోటు మంచిదో, ఏది కాదో చాలావరకు మీకే తెలిసిపోతుంది.

అసలు చేర్చాలా?

మనసుకు జబ్బు చేసినవాళ్లలో ఎక్కువమందికి ఆస్పత్రిలో ఉండాల్సిన పనే లేదు. డాక్టరు చెప్పినట్టు మాత్రలు వేసుకుంటూ, చెప్పిన రోజు పోయి చూపించుకుంటూ ఇంట్లోనే కోలుకుంటారు. అందుకే "ఎక్కడ చేర్చాలి" అని చుట్టాలను అడిగే ముందు "చేర్చాలా" అని సైకియాట్రిస్టును అడగండి. అనంతపురం, కర్నూలు సర్వజన ఆస్పత్రుల్లో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. పొద్దున్నే పోయి ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. మనిషి కదలనంటే, లేదా ఇంట్లో మీకే ఏం చేయాలో పాలుపోకుంటే 14416 కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. రోగి తరఫున ఇంట్లోవాళ్లు కూడా మాట్లాడొచ్చు.

డాక్టరు దగ్గరికి ఉత్త చేతులతో పోకండి. జరిగింది ఒక కాగితం మీద తేదీలతో రాసుకుపోండి. "అదోలా ఉంటాడు సార్" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. "ఉగాది నుంచి రాత్రి రెండింటికి లేచి వాకిట్లో తిరుగుతాడు, ఎవరో పిలుస్తున్నారంటాడు, వారం నుంచి అన్నం తట్ట ముట్టడం లేదు" అంటే సగం పని అయినట్టే. థైరాయిడ్, మూర్ఛ, గంజాయి, తాగుడు, కొన్ని రకాల మందులు కూడా మనిషిని ఇట్లా మార్చేస్తాయి కాబట్టి రక్తపరీక్షలు రాస్తే విసుక్కోకుండా చేయించండి. జ్వరంతో పాటు ఉన్నట్టుండి మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా అది మానసిక విభాగం పని కాదు, నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి.

చేర్చక తప్పని పరిస్థితులు కొన్ని ఉంటాయి: చచ్చిపోతానని అంటున్నప్పుడు, ఒకసారి ప్రయత్నం చేసినప్పుడు, తిండీ నీళ్లూ మానేసినప్పుడు, భయంతోనో చెవిలో వినిపించే మాటల వల్లనో ఎదుటివాళ్ల మీదికి పోతున్నప్పుడు, ఇల్లు వదిలి దిక్కు తెలియకుండా నడిచిపోతున్నప్పుడు. అప్పుడు ఆలస్యం చేయొద్దు, 108 పిలవండి. మన ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు చెనక్కాయల మూటల పక్కనే ఉంటాయి. వాటిని ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి, లేదా పెట్టెలో పెట్టి తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. ఆత్మహత్యకు ప్రయత్నిస్తే పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది, శిక్షించకూడదంటుంది. భయపడకుండా ఆస్పత్రికి తీసుకుపొండి.

గాలి సోకిందని, అంత్రం కట్టించాలని, గుళ్లోనో దర్గాలోనో మండలం రోజులు ఉంచాలని పెద్దవాళ్లు అంటారు. వాళ్లతో పోట్లాడకండి. మా జేజి మొక్కు మొక్కుకుంది, మేం తీర్చాం కూడా. కానీ మాత్ర ఆపకూడదు, మనిషిని కట్టేయకూడదు. ఈ రెండింటి దగ్గర మాత్రం ఎవరి మాటా వినొద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను ఉంచిన ఒక హోమ్‌లో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల బయటికి రాలేక 28 మంది చనిపోయారు.

ఎట్లాంటి చోటు?

"మెంటల్ హాస్పిటల్" అని అందరం ఒకే మాట అంటాం గానీ అందులో చాలా రకాలున్నాయి. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు కావాల్సింది ఆస్పత్రి వార్డు, అక్కడ ఉండేది మామూలుగా కొన్ని వారాలే. తీవ్రత తగ్గి, మాత్రలు కుదిరి, ఇంటికొచ్చి పనిలో పడడానికి మాత్రం తడబడుతున్న మనిషికి కావాల్సింది హాఫ్‌వే హోమ్. అక్కడ కొన్ని నెలలు ఉంటారు. పొద్దున్నే లేవడం, వంటలో చేయి వేయడం, డబ్బు లెక్క చూసుకోవడం, నలుగురితో కూర్చుని మాట్లాడడం మళ్లీ అలవాటవుతాయి. స్వచ్ఛంద సంస్థలు నడిపేవి ఎక్కువగా ఇట్లాంటివే. పగలంతా ఉండి రాత్రికి ఇంటికి వచ్చేసే చోట్లు డే కేర్ కేంద్రాలు. ఇక తాగుడు, మత్తు మాన్పించే కేంద్రాలు వేరే. వాటికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446. చెవిలో మాటలు వినిపించే మనిషిని తీసుకుపోయి డీఅడిక్షన్ సెంటర్‌లో పడేయడం మన దగ్గర తరచూ జరిగే తప్పు. ఏ రకం చోటు కావాలో డాక్టరు చేతనే రాయించుకోండి. మంచి హోమ్‌లు ఎట్లాగూ ఆ చీటీ లేకుండా చేర్చుకోవు.

మన మూడు ఊళ్ల నుంచి దారులు మూడు వైపులు. కర్నూలువాళ్లు ఎక్కువగా హైదరాబాదు ఎర్రగడ్డ ఆస్పత్రికి పోతారు. అనంతపురంవాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ నాలుగైదు గంటల ప్రయాణం. కడపవాళ్లు తిరుపతి రుయాకో, వేలూరు సీఎంసీకో పోతారు. సీఎంసీ లాభాపేక్ష లేని సంస్థ. బాగాయంలో ఉన్న దాని మానసిక చికిత్సా కేంద్రంలో ఇంటిమనిషి కూడా రోగితో పాటే ఉంటారు. దూరమైనా నాకు ఆ పద్ధతి చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఇంట్లోవాళ్లకూ అక్కడే పాఠం అవుతుంది. కోలుకునే దశకు వస్తే చెన్నైలో 1984లో మొదలైన స్కార్ఫ్, బెంగళూరులో 1986 నుంచి ఉన్న రిచ్‌మండ్ ఫెలోషిప్ సొసైటీ పేరున్న స్వచ్ఛంద సంస్థలు. ఇల్లూ వాకిలీ లేక రోడ్ల మీద తిరిగే మహిళల కోసం 1993లో చెన్నైలో బానియన్ అనే సంస్థ మొదలైంది. వేరే రాష్ట్రంలో చేర్చేటట్టయితే ఒకటి తప్పక అడగండి: కౌన్సెలింగ్ తెలుగులో ఇచ్చేవాళ్లు ఉన్నారా? మనసులో మాట పరాయి భాషలో చెప్పుకోలేరు.

స్వచ్ఛంద సంస్థ అంటే ఉచితం అని కాదు. విరాళాలతో పాటు నెల ఫీజు మీద కూడా నడుస్తాయి. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే పద్ధతి ఉందా అని మొహమాటపడకుండా అడగండి, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ పత్రం చూపించండి. ఫీజుకు ఒక రసీదు, విరాళానికి ఇంకో రసీదు ఇవ్వాలి. చేర్చుకోవాలంటే విరాళం కట్టాల్సిందే అంటే అది విరాళం కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో అయితే ఆరోగ్యమిత్ర దగ్గర ఏమేమి వర్తిస్తాయో కనుక్కోండి. ప్రైవేటు ఆరోగ్య బీమా ఉంటే, శరీరానికి వచ్చే జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ వర్తింపజేయాలని చట్టంలో ఉంది.

చేర్చే ముందు కళ్లారా చూడండి

మేం చేయనిది ఇదే. మొదటిసారి చేర్చిన చోటు ఊరి బయట ఒక షెడ్డు. పేరులో ట్రస్ట్ అని ఉంది, తక్కువలో అయిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. "నలభై రోజులు ఎవరూ రావొద్దు, మీరు వస్తే వాడు నిలబడడు" అన్నారు. నమ్మాం. నలభై ఒకటో రోజు పోతే వాడికి గుండు కొట్టించి ఉన్నారు. ఒంటి మీద ఎవరిదో చొక్కా, గుండీలు అందక ఛాతీ దగ్గర తెరుచుకుని ఉంది. అమ్మ ముందు వాడి మొహం చూడలేదు, ఆ చొక్కా అంచు పట్టుకుంది. "ఇది నీది కాదు కదరా" అంది. "ఇక్కడ ఎవరిది ఏదని ఉండదమ్మా" అన్నాడు.

గుండు బలవంతంగా కొట్టించకూడదనీ, సొంత బట్టలు వేసుకోవడం రోగి హక్కనీ చట్టంలో రాసి ఉన్న సంగతి మాకు తర్వాత తెలిసింది. మీకు ముందే తెలియాలి. గొలుసులు ఏ రూపంలోనూ వాడకూడదు. ఒంటరి గదిలో బంధించకూడదు. బలవంతంగా పని చేయించకూడదు, పని చేస్తే తగిన జీతం ఇవ్వాలి. ఇంటికి ఫోన్ చేసుకునే హక్కు, తన వైద్యం కాగితాలు చూసుకునే హక్కు రోగికి ఉన్నాయి. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడం నిషేధం.

కాబట్టి ఒక రోజు పని మానుకునైనా పోయి చూడండి. ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ చూపించమనండి. సొసైటీ రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు కాగితాలు చూపించి సరిపెడితే ఒప్పుకోకండి, అవి దాతలకు సంబంధించినవి. రోగిని చేర్చుకోవడానికి కావాల్సింది మొదటిదే. రోగుల హక్కులు, ఫిర్యాదులు చూడడానికి చట్టం కింద పెట్టిన రివ్యూ బోర్డు చిరునామా, ఫోన్ నంబరు అందరికీ కనబడేటట్టు పెట్టాలి, అది ఉందేమో చూడండి. ఆ తర్వాత ఆఫీసు గదిలో కూర్చోకుండా లోపలికి నడవండి. బాత్రూమ్ చూడండి. పొద్దున పదకొండుకు పోతే ఆ వేళ మనుషులు ఏం చేస్తున్నారో తెలుస్తుంది. అందరూ మంచాల మీద పడుకునే ఉంటే మందు మోతాదు ఎక్కువైనా అయ్యుండాలి, చేయడానికి పనైనా లేకుండా ఉండాలి. అక్కడ ఉంటున్న ఒకరిద్దరితో మాట్లాడండి. సైకియాట్రిస్టు వారంలో ఎన్నిసార్లు వస్తారు, కిందటిసారి ఎప్పుడు వచ్చారు, రాత్రిపూట మాత్రలు ఎవరి చేతుల మీదుగా ఇస్తారు, ఆడవాళ్ల వైపు రాత్రి ఆడ సిబ్బందే ఉంటారా, ఒంట్లో బాగాలేకపోతే ఏ ఆస్పత్రికి తీసుకుపోతారు, ఇవన్నీ అడగండి. మంచి చోట ఈ ప్రశ్నలకు ఎవరూ ముఖం చిట్లించరు.

"గ్యారంటీగా నయం చేస్తాం", "వ్యాన్ పంపిస్తాం, మా పిల్లోళ్లే ఎత్తుకొస్తారు", "నెలరోజులు చూడ్డానికి రావొద్దు": ఈ మూడింట్లో ఏది వినబడినా లేచి వచ్చేయండి.

మనిషికి నిజం చెప్పండి

మొదటిసారి మేం వాడికి పెళ్లికి పోతున్నామని చెప్పాం. చెప్పింది నేనే. వాడు కొత్త నీలం చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని తొడుక్కున్నాడు. ఆ చొక్కా మళ్లీ మా కంటపడలేదు. ఆ తర్వాత ఏడాదికి పైగా నేను ఇచ్చిన మంచినీళ్లు కూడా వాడు తాగలేదు, మాత్రలు ఇంకేం మింగుతాడు? అసలే ఎవరో మోసం చేస్తున్నారని భయపడే జబ్బు. ఆ భయం నిజమేనని రుజువు చేసినదాన్ని నేను.

రెండోసారి పొద్దున, వాడు కాస్త నెమ్మదిగా ఉన్న వేళ చూసి, టీ ఇచ్చి చెప్పాను. "నీకు నిద్ర లేదు, నువ్వు భయపడుతుండావు, మాకూ చేతకావడం లేదు. డాక్టరు ఒక చోటు చెప్పినాడు. ముందు ఇద్దరం పోయి చూసొద్దాం, నచ్చకపోతే ఇంకోటి చూద్దాం." వాడు మూడే అడిగాడు. గేటుకు తాళం వేస్తారా? ఫోన్ ఇస్తారా? నువ్వు ఎప్పుడొస్తావు? తెలిసినవాటికి జవాబు చెప్పాను, తెలియనిది అక్కడే అడుగుదామన్నాను. చూడ్డానికి పోయినప్పుడు వాడు నేరుగా బాత్రూమ్‌లోకి పోయి, లోపలి గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకున్నాడు. బయటికొచ్చి "సరే" అన్నాడు.

మీరు కూడా జబ్బు పేరుతో మొదలుపెట్టొద్దు. వాళ్లను బాధపెడుతున్నదాంతో మొదలుపెట్టండి: నిద్ర, భయం, గుండెదడ, టెన్షన్. "నీకు పిచ్చి పట్టింది" అన్న మాట కోపంలో కూడా నోటివెంట రానీయకండి. ఒక్కసారికే ఒప్పుకుంటారని కూడా అనుకోకండి.

కాగితాలు, సంచి

పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి తనకు తానుగా ఒప్పుకుని చేరితే అది స్వతంత్ర అడ్మిషన్. పోతానంటే డిశ్చార్జ్ చేయాలి, డాక్టరు అవసరమనుకుంటే మహా అయితే 24 గంటలు ఆపి పరీక్షించవచ్చు. నిర్ణయం తీసుకునే స్థితిలో లేక, తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం ఉంటే, ఇంటివాళ్ల అభ్యర్థన మీద చేర్చుకోవచ్చు. దానికి ఒక సైకియాట్రిస్టు, ఇంకో మానసిక నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి, మొదట 30 రోజుల వరకే ఉంచాలి, రివ్యూ బోర్డుకు తెలపాలి. మీ సంతకం ఒక్కటి చాలు, ఎన్నాళ్లయినా ఉంచుకుంటామనే చోటు చట్టం ప్రకారం నడుస్తున్నది కాదు. అన్యాయం జరిగిందనుకుంటే బోర్డుకు రాయొచ్చు, ఉచిత న్యాయసహాయానికి 15100 కు ఫోన్ చేయొచ్చు.

మనిషి నెమ్మదిగా ఉన్నప్పుడే ఇంకొక పని చేయించండి. తన తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, వేలిముద్ర అయినా చెల్లుతుంది. మా వాడు అమ్మ పేరు రాశాడు, నా పేరు రాయలేదు. అది వాడి హక్కు.

సంచిలో ఆధార్, పాత చీటీలు, రిపోర్టులు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు అట్టలతో సహా పెట్టండి. ఏ మందు పడలేదో రాసి పెట్టండి. బట్టల మీద పేరు కుట్టండి లేదా మార్కర్‌తో రాయండి. ఇంటివాళ్ల నంబర్లు కార్డు మీద రాసి జేబులో పెట్టండి. సంచి సర్దేటప్పుడు మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. మా వాడు దుప్పటి, చెనక్కాయ ఉండల డబ్బా, చిన్న రేడియో పెట్టుకున్నాడు.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే

పిల్లలను ఉంచి వైద్యం చేయించడం ఇంకే దారీ లేనప్పుడే, అదీ వీలైనంత తక్కువ రోజులే. చట్టం కూడా గట్టిగా ఉంది. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు తప్పకుండా సైకియాట్రిస్టు. పెద్దవాళ్ల వార్డులో కలపకూడదు. ఉన్నన్ని రోజులూ తల్లో తండ్రో, వాళ్లు పెట్టిన మనిషో బిడ్డతో పాటే ఉండాలి. ఆడపిల్ల దగ్గర ఆడమనిషే ఉండాలి. చేర్చిన 72 గంటల్లో బోర్డుకు తెలపాలి. తల్లిదండ్రుల ఒప్పుకోలు, బోర్డు ముందస్తు అనుమతి రెండూ లేకుండా పిల్లలకు కరెంటు చికిత్స చేయకూడదు. "బిడ్డను మాకు అప్పజెప్పి పోండి, క్రమశిక్షణ నేర్పి పంపుతాం" అనే చోట్లు కొన్ని ఉంటాయి. అది వైద్యం కాదు.

మానసిక జబ్బుల్లో మూడో వంతు పద్నాలుగేళ్లలోపే, సగం పద్దెనిమిదేళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ మన ఇళ్లలో ఆ వయసులో ఏం జరిగినా "చదవకుండా వేషాలు" అనే అంటాం. బాగా చదివే పిల్ల ఉన్నట్టుండి పుస్తకం ముట్టకపోయినా, ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా విప్పకపోయినా, హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఏడుస్తున్నా పోయి తీసుకురండి. చేతుల మీద కోసుకున్న గాట్లు కనబడితే అరవకండి, కొట్టకండి. కడిగి, కట్టుకట్టి, పక్కన కూర్చోండి. డాక్టరు దగ్గరికి మర్నాడే తీసుకుపొండి. డాక్టరు బిడ్డతో ఒంటరిగా మాట్లాడతానంటే బయటికి రండి. నిజం సగం అప్పుడే బయటపడుతుంది.

చదువు పోతుందన్న భయంతోనే చాలామంది వైద్యం ఆలస్యం చేస్తారు. ఒక ఏడాది పోతే పోనీయండి. ఓపెన్ స్కూల్‌లో పది, ఇంటర్ రెండూ కట్టుకోవచ్చు. డిశ్చార్జ్ అయిన వెంటనే మళ్లీ అదే హాస్టల్‌కు పంపకండి. ఇంటి దగ్గర కాలేజీ చూడండి. బిడ్డను ఎవరైనా హింసిస్తున్నారనిపిస్తే 1098 కు చెప్పండి.

అక్కడ ఉన్నన్నాళ్లూ

చెప్పిన రోజున, చెప్పిన వేళకు పోండి. రాలేకపోతే ముందే ఫోన్ చేసి చెప్పండి. మాత్రల పేర్లు, ఎందుకు ఇస్తున్నారో రాసుకోండి. చేతులు వణకడం, దవడ బిగుసుకోవడం, బరువు పెరగడం లాంటివి మందుల వల్ల కావచ్చు, డాక్టరుకు చెబితే సర్దుతారు. లిథియం, క్లోజాపిన్ ఇస్తుంటే రక్తపరీక్షలు క్రమంగా జరగాలి, రిపోర్టు అడిగి చూడండి. గుణం కనబడడానికి చాలా మందులకు కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే చోటు మార్చేస్తామని తొందరపడొద్దు.

ఇంటికి తెచ్చుకోవడం

డిశ్చార్జ్ రోజు కాదు, చేర్చిన వారంలోనే అడగండి: ఇంటికి వచ్చాక ఏం చేయాలి? డిశ్చార్జ్‌కు ముందు రోగితో, ఇంటివాళ్లతో కలిసి ఆ ప్రణాళిక వేయడం కేంద్రం బాధ్యత. డిశ్చార్జ్ సమ్మరీ, కనీసం కొన్ని వారాల మాత్రలు, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ లేకుండా గేటు దాటొద్దు. ఆ కాగితంతో ఇక్కడి సర్వజన ఆస్పత్రిలో చూపించుకుని, అక్కడ దొరికే మందులు ఉచితంగా తీసుకోవచ్చు, ప్రతి నెలా బెంగళూరు పోనక్కర్లేదు.

ఇంటికొచ్చిన మొదటి వారాలు జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. ఆత్మహత్య ప్రమాదం అప్పుడే ఎక్కువ. పురుగుల మందుకు వేసిన తాళం తీయకండి, మనిషిని ఒంటరిగా వదలకండి. చుట్టాలను పదిమందిని ఒకేసారి రానీయకండి. "నీ వల్ల ఎంత ఖర్చయిందో తెలుసా" అన్న మాట అసలు వద్దు. నిత్యం దెప్పిపొడుపులున్న ఇంట్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. చిన్న పని ఒకటి అప్పజెప్పండి. మా వాడు మొదట బర్రెకు నీళ్లు పెట్టడం, తర్వాత బాబాయి అంగట్లో మధ్యాహ్నం దాకా కూర్చోవడం.

జబ్బు ఏళ్ల తరబడి ఉండి పనికి పోలేని స్థితి అయితే, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌కు సచివాలయంలో స్లాట్ పెట్టించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. 40 శాతం, ఆపైన నమోదైతే పింఛను అడగొచ్చు. 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు.

చివరగా ఒక కాగితం తయారుచేయండి. జబ్బు తిరగబెట్టే ముందు మీ మనిషిలో కనబడే గుర్తులు మూడు నాలుగు, అవి కనబడితే ఎవరికి ఫోన్ చేయాలి, అంతే. మనిషి బాగున్నప్పుడు తనతో కలిసి రాయండి. మాది బియ్యం డబ్బా మూతకు లోపలివైపు అంటించి ఉంది. మొదటిది, వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోవడం. రెండోది, రేడియో ఆపేసి దాని మీద గుడ్డ కప్పడం. మూడోది వాడే చెప్పి రాయించాడు: అక్క ఏం చెప్పినా అబద్ధం అనిపించడం.